చెప్పుకోలేని చోటు

"ఎక్కడ కోశారని చెప్పారు మీరు?"

బుల్లి ఆ మాట అడగడం అది మూడోసారి. వార్డు బయట వరండాలో, ఖాళీ మందుపెట్టెలు పేర్చిన గోడ పక్కన నిలబడి భర్త చేతిరుమాలుతో కళ్ళద్దాలు తుడుస్తున్నాడు. అద్దాల మీద మచ్చ ఏమీ లేదు. అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"మెల్లగా మాట్లాడు. జనం వింటున్నారు."

"విననివ్వండి. ఇందాక మీ షావుకారుగారు నాకు ఫోన్ చేశారు. 'చిట్టితల్లి గుండె ఎలా ఉందమ్మా' అని అడిగారు. ఎవరికో చెయ్యబోయి నాకు చేశారనుకున్నాను. 'నాకూ ఛాతీ మీద అక్కడే కోశారమ్మా, భయపడకు, చూడు ఎలా తిరుగుతున్నానో' అన్నారు. నాకు ఏం చెప్పాలో తెలియక ఊఁ కొట్టాను. సాయంత్రం నాలుగింటికి పాపను చూడ్డానికి వస్తారట."

తుడిచే చెయ్యి ఆగిపోయింది. "నాలుగింటికా?"

"నేను చెప్పినదాంట్లో మీకు వినపడింది అదొక్కటేనా?"

అతను కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"గుండె అని చెప్పాను. తప్పేముంది? పది నెలల్లో మూడు ఆపరేషన్లు. సెలవు అడిగినప్పుడల్లా ఏమైంది, ఏమైంది అని అడుగుతారు. ఏదో ఒకటి చెప్పాలా వద్దా?"

"ఏమైందో అదే చెప్పాలి. పాపకి పుట్టుకతో మలద్వారం లేదు, డాక్టర్లు చేశారు. ఇంతే కదా."

అతను గబుక్కున చుట్టూ చూశాడు, ఆ మాట ఎవరి బట్టల మీదైనా చిందిందేమో అన్నట్టు.

"ఆ మాట నా నోట ఎలా వస్తుంది బుల్లీ? నేను చేసేది కళ్ళజోళ్ళ షాపులో పని. వచ్చినవాళ్ళ ముఖానికి జానెడు దూరంలో నా ముఖం పెట్టి, ఈ చేతుల్తో వాళ్ళ ముక్కు మీద ఫ్రేము సరిచేస్తాను. అలాంటివాడి ఇంట్లో పిల్ల పొట్టకి సంచి, ఆ సంచిలోకి..." మిగతా మాట మింగేశాడు. "తెలిస్తే నా చేతుల వంక చూడరూ? నీకేం. నీకు లాండ్రీలో అలవాటు."

బుల్లి లాండ్రీలో మరకలు తీసే మనిషి. పెళ్ళికి మూడేళ్ళ ముందు నుంచీ అదే పని. ఎవరెవరో విప్పి పడేసిన బట్టలు ముందు ఆమె బల్ల మీదికి వస్తాయి. నెత్తురైతే చన్నీళ్ళు, నూనె అయితే సుద్దపొడి, సిరా అయితే స్పిరిటు. పేరు పెట్టలేని మరకలకి ముందు తను ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. ఆ పని గురించి అతను ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. ఈరోజు అన్నాడు.

అలవాటు ఎవరికీ ఊరికే రాదు. పిచికకి మొదటిసారి సంచి మార్చిన రోజు ఆమె స్నానాలగదిలోకి పరిగెత్తి కడుపులో ఉన్నదంతా కక్కుకుంది. నోరు పుక్కిలించి, కళ్ళు తుడుచుకుని వచ్చి కొత్త సంచి అతికించింది. మర్నాడూ కక్కుకుంది. మూడో వారానికి గాని ఆగలేదు. ఆ సంగతి అతనికి ఎప్పుడూ చెప్పలేదు. అతను అడగనూ లేదు.

"నాలుగింటికి వచ్చినప్పుడు నువ్వేం మాట్లాడకు. నేను చూసుకుంటాను" అన్నాడతను.

బుల్లి లోపలికి వెళ్ళిపోయింది. అతని వెనకాల, వార్డు గుమ్మం ముందు, చెప్పులు ఒక వరసలో విడిచి ఉన్నాయి. ఆ వరసలో అతనివి లేవు. అతను గుమ్మం దాటి నాలుగడుగుల కన్నా లోపలికి రాడు.

* * *

పది నెలల పిల్ల పిచిక. పుట్టినప్పుడు పిడికెడంత ఉండి కిచకిచమనేదని ఆసుపత్రి ఆయా పెట్టిన పేరు అలాగే నిలిచిపోయింది. పుట్టిన రెండో రోజే పొట్ట పక్కన దారి చేసి సంచి తగిలించారు. ఆరో నెలలో ఉండాల్సిన చోట దారి చేశారు. నాలుగు రోజుల కింద మూడో ఆపరేషన్. పొట్ట మీది దారి మూసేశారు. ఇక కొత్త దారి పని చెయ్యాలి. నాలుగు రోజులుగా వార్డంతా ఎదురుచూస్తున్నది దానికోసమే.

ఇంకా రాలేదు.

ఉదయం సర్జన్ మేడమ్ పొట్ట మీద రెండు వేళ్ళు ఆనించి తట్టి చూసింది. డప్పు మీద తట్టినట్టు చప్పుడు.

"కొంచెం బిగిసింది. సాయంత్రం ఆరింటిదాకా చూద్దామమ్మా. మోషన్ కాకపోతే ఎక్స్‌రే తీస్తాం."

"తీసి?"

"కుట్టిన చోట అడ్డంపడి ఉంటే మళ్ళీ తెరవాల్సి రావచ్చు. ఇప్పుడే అంతదూరం ఆలోచించకండి."

అంతదూరం ఆలోచించకుండా ఎలా ఉండాలో మేడమ్ చెప్పలేదు. బుల్లి మంచం పక్క స్టూలు మీద కూర్చుంది. పిచిక ముక్కులో సన్నగొట్టం, చేతికి సూది, సూది పీక్కోకుండా అట్టముక్కకి కట్టిన చెయ్యి. పాలు లేక నాలుగు రోజులు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఇప్పుడు నోరు తెరిస్తే గాలి తప్ప చప్పుడు రావడం లేదు.

"మొండి గేరు చెల్లెమ్మా, నీ పాపది" అన్నాడు పక్క మంచం లారీ డ్రైవరు. "నాలుగుసార్లు లాగితే గాని పడదు. పడిందంటే ఇక ఆపలేం."

అతని కొడుక్కీ ఇదే జబ్బు. నాలుగు నెలల పిల్లాడు, రెండో ఆపరేషన్ కోసం చేరాడు. పెళ్ళాం టైఫాయిడ్ జ్వరంతో ఇంకో ఆసుపత్రిలో ఉంటే వీణ్ణి తనే చూసుకుంటున్నాడు. స్టీరింగు పట్టి కాయలు కాచిన చేతులు. ఆ చేతుల్తోనే సంచి ఊడదీసి, చుట్టూ గుడ్డతో అద్ది, కొత్తది అతికించి, పిల్లాడి పొట్ట మీద ముద్దు పెట్టి ఒక కూనిరాగం తీసేవాడు. ఆ వాసనలోనే కూర్చుని రొట్టె తినేవాడు.

నిన్న గుమ్మం దగ్గర నిలబడి అది చూసిన భర్త, "మనిషా, పశువా" అన్నాడు. బుల్లి అప్పుడు విననట్టు ఊరుకుంది. ఈరోజు ఆ మాట గుర్తొచ్చి స్టూలు ఆ మంచంవైపు కొంచెం జరుపుకుంది.

* * *

పన్నెండింటికి అత్తగారు అన్నం డబ్బా పట్టుకుని వచ్చారు. వస్తూనే శాలువా కొస ముక్కుకి అడ్డం పెట్టుకుని లారీ డ్రైవరు మంచం దాటి, ఈ మంచం దగ్గరికి వచ్చాక తీశారు. మనవరాలి నుదురు మీద చెయ్యి వేసి చూశారు.

"వచ్చిందా?"

"రాలేదత్తయ్యా."

ఆవిడ డబ్బా మూత తీశారు. మళ్ళీ పెట్టేశారు. బుల్లి ముఖం చూస్తే తినేలా లేదు.

రెండో ఆపరేషన్ తర్వాత ఆ కొత్త దారి మూసుకుపోకుండా రోజూ రెండుపూటలా సన్నటి ఇనుప కడ్డీ పెట్టి వెడల్పు చెయ్యాలని నేర్పించి పంపారు. కడ్డీ బుల్లి పట్టేది. కాళ్ళు పట్టేది అత్తగారు. ముఖం గోడవైపు తిప్పుకుని, పళ్ళు బిగబట్టుకుని, పిల్ల ఏడుపు ఆగేదాకా అలా పట్టుకునే ఉండేవారు. ఆ వేళకి భర్తకి ఎప్పుడూ బజార్లో ఏదో పని ఉండేది.

"అత్తయ్యా, షాపులో గుండె ఆపరేషన్ అని చెప్పారట. మీకు తెలుసా?"

ఆవిడ పిచిక దుప్పటి అంచు సరిచేశారు. సరిగ్గా ఉన్నదాన్నే ఇంకోసారి సరిచేశారు.

"అడుగుతున్నాను."

"చెప్పమన్నది నేనే."

"మీరా?"

"నేనే. గుండె అంటే ఎవరైనా అయ్యో అంటారు. ఇది అంటే ఛీ అంటారు. నా మనవరాల్ని ఎవరూ ఛీ అనకూడదని చెప్పమన్నాను. అందులో తప్పుంటే నాదే."

"బయటివాళ్ళు ఎవరూ అనలేదు అత్తయ్యా. ఆ లారీ ఆయన అనలేదు, ఆయాలు అనలేదు, డాక్టరమ్మ అనలేదు. అన్నది మన ఇంట్లోనే. పిచిక బట్టలకి వేరే బకెట్టు, వేరే దండెం. ఆయన తినే బల్ల దగ్గరికి దాన్ని ఎత్తుకుని రావద్దని రూలు. పది నెలల పిల్ల, నాన్న ఒళ్ళో కూర్చోవడం ఎలా ఉంటుందో దానికి తెలియదు."

అత్తగారు తలెత్తలేదు. బకెట్టు వేరే పెట్టింది ఆవిడే.

గొట్టంలోంచి పచ్చటి నీళ్ళు చుక్క చుక్కగా సీసాలో పడుతున్నాయి. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

* * *

మూడున్నరకి భర్త వచ్చాడు. ఇంటికి వెళ్ళి స్నానం చేసి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు. ఈసారి నాలుగడుగుల దగ్గర ఆగకుండా మంచం దాకా వచ్చేసరికి బుల్లి ఆశ్చర్యపోయింది. పాపకేమైనా అయిందనుకుని వచ్చాడేమో, మనసు మారిందేమో అని ఒక్క క్షణం ఆశ కూడా పడింది.

"ఆయన ఎక్కువసేపు ఉండరు. పది నిమిషాలు" అన్నాడు గొంతు తగ్గించి. "కొత్త షాపు నాకు అప్పజెప్పాలని చూస్తున్నారు. పాప సంగతి తెలిసిన దగ్గర్నుంచీ నేనంటే ఆయనకి ప్రాణం. ఆయనదీ అదే జబ్బు కదా. ఇప్పుడు తేడా వచ్చిందంటే ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే."

"తేడా రాకుండా ఏం చేద్దామని?"

అతను జేబులోంచి ఒక పొట్లం తీశాడు. మందుల దుకాణం కాగితం. విప్పితే మడతపెట్టిన దూది, దాని మీద అతికించే తెల్లటి ప్లాస్టరు, అరచేయంత.

"ఇది ఛాతీ మీద పెడదాం. ఊరికే, పైపైన. నొప్పి ఉండదు. పొట్ట మీద దుప్పటి కప్పేస్తే ఆ కట్టు కనపడదు. ఆయన వెళ్ళగానే తీసేద్దాం."

బుల్లి ఆ ప్లాస్టరు వంక చూసింది. అతని గోళ్ళ వంక చూసింది. నున్నగా కత్తిరించుకుని, సబ్బుతో రుద్దుకున్న గోళ్ళు. ఇన్నేళ్ళలో ఆమె బల్ల మీదికి ఎన్ని రకాల రోత వచ్చిందో లెక్కలేదు. తాగినవాళ్ళ వాంతులు వచ్చాయి, ఆసుపత్రుల దుప్పట్లు వచ్చాయి, చచ్చిపోయినవాళ్ళ పక్కబట్టలు వచ్చాయి. వాటిని చేత్తో ముట్టుకుంది గాని ఒంట్లోకి రానివ్వలేదు. ఈ మనిషి చేతిలోని శుభ్రమైన దూదిని చూస్తే మాత్రం గొంతులోకి ఏదో ఎగదన్నింది.

"ఒరేయ్" అన్నారు అత్తగారు.

"అమ్మా, నువ్వే కదా చెప్పమన్నావు."

"చెప్పమన్నాను. అతికించమన్నానా?"

అతను తల్లిని వదిలేసి భార్యవైపు తిరిగాడు. "బుల్లీ. ఒక్కసారికి."

"సరే. అతికించండి" అంది బుల్లి.

"నువ్వు..."

"నేను కాదు, మీరే. పుట్టి పది నెలలైంది. ఆ పిల్ల గుండెల మీద మీరు చెయ్యి వేసింది లేదు. ఈ వంకనైనా వెయ్యండి. నేను చూస్తాను."

ఆమె పిచిక చొక్కా గుండీలు విప్పింది. ఎముకలు లెక్కపెట్టేలా ఉన్న చిన్న ఛాతీ, గబగబా లేచి పడుతోంది. అతను ప్లాస్టరు వెనక కాగితం ఊడదీశాడు. చెయ్యి చాపాడు. పిచిక అతన్ని చూసింది. ఏడవలేదు, నవ్వలేదు. కొత్త మనిషిని చూసినట్టు చూసింది. చెయ్యి జానెడు ఎత్తులో ఆగిపోయింది.

"ఏదీ, నా జోడీ ఎక్కడ?"

గుమ్మంలో షావుకారుగారి గొంతు. అతను ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ప్లాస్టరు అతని వేళ్ళకే అంటుకుపోయింది. ఆ చెయ్యి వీపు వెనక దాచుకుని, రెండో చేత్తో నమస్కారం పెట్టాడు. బుల్లి పిల్లకి చొక్కా కప్పింది.

* * *

షావుకారుగారు భారీ మనిషి. దళసరి అద్దాలు, చేతికర్ర, రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకునే అలవాటు. స్టూలు మీద కూర్చుని పిచిక వంక చూశారు. కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకున్నారు.

"ఇంత పిల్లకి ఎన్ని గొట్టాలమ్మా" అన్నారు. "నేను అరవై రెండేళ్ళవాణ్ణి, కోయించుకున్నప్పుడు పసిపిల్లాడిలా ఏడ్చాను. ఎవరికీ చెప్పకండేం." చొక్కా పైగుండీ రెండు విప్పి, మెడ కింద నుంచి నిలువునా దిగిన మచ్చ చూపించారు. "ఇదిగో తల్లీ, ఇది నాది. పెద్దయ్యాక మనిద్దరం ఎవరిది పొడుగో కొలుచుకుందాం."

మంచిమనిషి. ఆ మంచితనం చూస్తుంటే బుల్లికి నేల చీలితే బాగుండుననిపించింది. అత్తగారు కిటికీవైపు తిరిగి నిలబడ్డారు.

"డాక్టరేమన్నారు? కొట్టుకోవడం సరిగ్గా ఉందటా?" అని షావుకారుగారు అడిగారు.

"ఆఁ, ఉందండీ, అంతా బాగుందండీ" అన్నాడు భర్త. "మీకు శ్రమ. టీ తెప్పిస్తాను, బయట కూర్చుందాం రండి."

అప్పుడే పిచిక ముఖం ఎర్రబడింది. కనుబొమలు ముడిచింది. కట్టని చేత్తో దుప్పటి గుప్పెట పట్టుకుంది. గొంతు లేని పిల్ల ముక్కింది. ఇంకోసారి ముక్కింది. దుప్పటి కిందనుంచి చిన్న చప్పుడు, ఆ వెనకే వాసన.

బుల్లి దుప్పటి తీసింది. పచ్చగా, జిగటగా, బొట్టుబిళ్ళంత మొదట, తర్వాత కాస్త ఎక్కువగా, రావాల్సిన చోటునుంచి వస్తోంది. ఆమె చూస్తూనే ఉంది. ఇంకా వచ్చింది. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పది నెలల్లో ఎవరి ముందూ ఏడవని మనిషి, భుజాలు అదిరేలా ఏడ్చింది.

"పడిందా చెల్లెమ్మా?" లారీ డ్రైవరు లేచి నిలబడ్డాడు. "పడింది. పడింది, ఇక పోనీయ్ బండి." తన కొడుకుని ఎత్తి చూపించాడు. "చూడరా, అక్క ఎంత పని చేసిందో."

భర్త మూడడుగులు వెనక్కి వేశాడు. చేతిరుమాలు ముక్కుకి వెళ్ళింది.

వార్డు సిస్టర్ పరిగెత్తుకొచ్చి చూసి నవ్వేసింది. "అమ్మయ్య. మేడమ్‌కి ఇప్పుడే చెప్తాను. ఎక్స్‌రే అక్కర్లేదు." చేతులకి గ్లవ్స్ తొడుక్కుంటూ అంది, "ఇక చూస్కోండి, రోజుకి పదిహేనుసార్లు అవుతుంది. ఆ చోట చర్మం ఇంతవరకూ దీన్ని ఎరగదు, రెండ్రోజుల్లో పుండు పడిపోతుంది. రుద్దకూడదు. గోరువెచ్చటి నీళ్ళ దూదితో అద్దాలి, ఆరనివ్వాలి, మందు మందంగా పూయాలి. ఒకరు కాళ్ళు ఎత్తి పట్టుకోవాలి, ఒకరు చెయ్యాలి. ఇప్పుడే నేర్పిస్తాను." తలెత్తి పిలిచింది. "మామయ్యగారూ, ఇలా రండి. కాళ్ళు పట్టుకోండి."

ఎవరూ కదల్లేదు.

షావుకారుగారు అటూ ఇటూ చూశారు. "ఎవర్నమ్మా పిలుస్తున్నావు?"

"ఆయన్నేనండీ. పాప మేనమామ." సిస్టర్ చెయ్యి భర్తవైపే ఉంది. "రోజూ వస్తారు పాపం. చెల్లెలి బిడ్డ కోసం ఈ కాలంలో ఎవరు వస్తున్నారండీ ఇలా? మేమంతా అనుకుంటూనే ఉంటాం."

"అవునండీ" అన్నాడు లారీ డ్రైవరు, మంచి మాట సాయం చేస్తున్నాననుకుని. "పాప వాళ్ళ నాన్న ఓడ మీద పని చేస్తాడటగా. సముద్రంలో ఉన్నాడట, రావడానికి లేదట."

బుల్లి ఏడుపు ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?"

సిస్టర్ ముఖం మారింది. "మీ అన్నయ్యగారేనమ్మా. మొదటి రోజే చెప్పారు. వాళ్ళాయన ఊసెత్తితే చెల్లెలు బెంగపడుతుంది, తన దగ్గర అనకండి అన్నారు. అందుకే మేమెవరం మీ దగ్గర..."

మాట మధ్యలో వదిలేసింది.

ఐదేళ్ళు ఒకే పక్క మీద పడుకున్న మనిషి. ఈ పిల్లని కన్న మనిషి. నలుగురిలో పాప తండ్రినని చెప్పుకోవడం కన్నా భార్యని చెల్లెలని చెప్పుకోవడం సులువనిపించింది అతనికి. బుల్లికి ఒళ్ళంతా గొంగళిపురుగు పాకినట్టయింది. తన చేతులు తనే తుడుచుకుంది, చీర కొంగుకి, రెండుసార్లు.

"మరి గుండె?" షావుకారుగారు మెల్లగా అడిగారు.

"గుండేంటండీ? పాప గుండె నిక్షేపంలా ఉంది. ఇది పేగుల వార్డు" అంది సిస్టర్.

షావుకారుగారు తన చొక్కా గుండీలు పెట్టుకున్నారు. ఒకటి. ఆగి, రెండోది. భర్తవైపు చూడకుండా బుల్లివైపు తిరిగారు.

"నువ్వు చెప్పమ్మా. ఈయన పాపకి ఏమవుతాడు?"

బుల్లి తలెత్తి భర్తని చూసింది. ముక్కు దగ్గర చేతిరుమాలు, వేళ్ళకి తెల్లటి ప్లాస్టరు, అద్దాల వెనక బతిమాలే కళ్ళు. ఏ అబద్ధాన్ని కాపాడమని బతిమాలుతున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

"సిస్టర్ చెప్పినట్టే, మేనమామేనండీ" అంది. "తండ్రి ఇంకా రాలేదు."

అత్తగారు కిటికీ ఊచ పట్టుకున్నారు.

షావుకారుగారు చేతికర్ర ఆనించి లేచారు. పిచిక పాదం మీద అరచెయ్యి ఒక్కసారి ఆనించారు. ఆ పాదానికి పచ్చటి మరక అంటి ఉంది. ఆయన చెయ్యి తుడుచుకోలేదు.

"పిల్ల కోలుకుంటే అంతే చాలమ్మా. ఏ చోటైతేనేం" అని గుమ్మంవైపు నడిచారు.

"సార్" అంటూ భర్త వెంట వెళ్ళబోయాడు.

"నా వెనకాల ఎందుకయ్యా?" ఆయన వెనక్కి తిరగలేదు. "నిన్ను పిలిచింది అక్కడ."

కర్ర చప్పుడు వరండా చివరిదాకా వినపడి ఆగిపోయింది. అతను గుమ్మంలో నిలబడిపోయాడు. అటు వెళ్ళలేక, ఇటు రాలేక. లారీ డ్రైవరు కొడుకుని భుజాన వేసుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. సిస్టర్ దూది గిన్నెలో నీళ్ళు చల్లారిపోతున్నాయి.

చాలాసేపటికి అతను వచ్చాడు. మంచం పక్కన నిలబడి, చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకున్నాడు. నేలవైపు చూస్తూ అన్నాడు.

"నేను పట్టుకుంటాను."

అది షావుకారుగారి మాటకి భయపడి అన్నదో, సిగ్గుపడి అన్నదో, నిజంగానే అన్నదో బుల్లికి తెలియలేదు. ఆ క్షణాన తెలుసుకోవాలనీ లేదు. అతని చేతులు పిల్ల కాళ్ళవైపు రావడం చూసేసరికి తన చెయ్యి దానంతటదే అడ్డం వెళ్ళింది.

"ముట్టుకోకు" అంది. పెళ్ళయ్యాక అతన్ని నువ్వు అనడం అదే మొదలు. "ముందు చేతులు కడుక్కుని రా."

అతను వార్డు చివర, వెనక గుమ్మం పక్కన, తెర వెనకున్న కుళాయి దగ్గరికి వెళ్ళాడు. కుళాయి తిప్పిన చప్పుడు. నీళ్ళు రేకు తొట్టిలో పడుతున్న చప్పుడు.

"తొందరగా రావాలండీ. ఆరిపోతే చర్మం లేచిపోతుంది" అని సిస్టర్ అటు కేకేసింది.

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. పిచిక రెండు పాదాలూ గాలిలో ఆడిస్తోంది. నాలుగు రోజుల తర్వాత పొట్ట తేలికైందేమో, కనురెప్పలు వాలుతున్నాయి.

నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

"ఎంతసేపమ్మా" అని సిస్టర్ గొణిగింది.

బుల్లి తెరవైపు చూడలేదు. అత్తగారు కిటికీ దగ్గర్నుంచి కదిలారు. శాలువా తీసి స్టూలు మీద పెట్టి, తెర దాకా నడిచి వెళ్ళారు. తెర తొలగించిన చప్పుడు. తర్వాత కుళాయి చప్పుడు ఆగింది.

తిరిగి వచ్చింది ఆవిడొక్కతే.